మైనత్త మూసిన పాఠం

అనగనగా ఒక అడవిలో, తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టేంత ఎత్తున, కొండచరియకు ఒక తేనెపట్టు వేలాడుతుండేది. అందులో ముల్లమ్మ అనే కాపలా ఈగ ఉండేది. మహా చురుకు! పరాయి వాసన సోకితే చాలు, ఒంటికాలి మీద లేచేది.

ఆ పట్టులో ఒక వింత ఉంది పిల్లలూ. ప్రతి ఈగ తలలోనూ పట్టును ఏలే రాణమ్మ అన్ని పాఠాలూ పెట్టే పంపేది. పుప్పొడి తెచ్చే పాఠం, పసివాళ్ళను సాకే పాఠం, కుట్టే పాఠం. ఎవరికి ఏది అక్కర్లేదో దానిమీద మైనత్త అనే ముసలి ఈగ రవ్వంత మైనం పూసేది. తెరిచి ఉన్న పాఠమే ఆ ఈగ పని. మన ఒంట్లోనూ ఇంతే. రక్తంలో కాపలా కణాలున్నాయి. వాటి పాఠాలను, అంటే జన్యువులను, మూసే, తెరిచే ఎంజైములూ ఉన్నాయి.

ఒకసారి ఆ పట్టులోనే పుట్టిన పొంగమ్మకు బుద్ధి వక్రించింది. పని మానేసి అరలన్నిటా తన గుడ్లే పెట్టసాగింది. ఆమె సంతానానికి తినడం, పెరగడం తప్ప మరో పని తెలియదు. క్యాన్సర్ కణాలూ ఇంతే, పుట్టిన ఇంటికే ఎసరు పెడతాయి.

ముల్లమ్మ వాళ్ళను రోజుల తరబడి తరిమింది. చివరికి ఒళ్ళు తెలియక సొంత చెల్లెలినే కుట్టబోయింది.

"కాస్త నిదానించవే తల్లీ!" అంటూ మైనత్త ఆమె తలలోని కుట్టే పాఠం మీద మైనం పూసింది. మంచికే పూసింది. కానీ ముల్లమ్మ అలిసి కనిపించినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ పూసింది.

పొంగమ్మ పిల్లలు తేనె అరలో దూరారు. ముల్లమ్మ చూస్తూ నిలబడింది. పుప్పొడి అరలో దూరారు. చూస్తూనే నిలబడింది. మూడోసారి పసివాళ్ళ తిండిలోనే మూతి పెట్టారు.

"ఇంకో పూట ఇలాగే గడిస్తే ఈ పసివాళ్ళు దక్కరు" అంది దాది ఈగ.

ముల్లమ్మకు ఏడుపొచ్చింది గానీ రెక్క కదల్లేదు. "నేనెందుకూ పనికిరాను, పట్టు విడిచి పోతాను" అనుకుని అంచుదాకా వెళ్ళింది. పసివాళ్ళ ఏడుపు విని ఆగింది. సిగ్గు చంపుకుని మైనత్త దగ్గరికి నడిచింది.

"అత్తా, కుట్టడం మరిచిపోయాను. నా తల ఒకసారి చూడవా?"

మైనత్త చూసి నుదురు కొట్టుకుంది. "మరుపు కాదే అమ్మా! పాఠం చెక్కు చెదరలేదు. నేను పూసిన మైనమే గడ్డకట్టింది. తప్పు నాది."

పూసిన మైనాన్ని గీకడం ఆ పట్టులో అపచారం. చుట్టూ ఈగలు గుసగుసలాడాయి. మైనత్త లెక్కచేయక ఓపిగ్గా గీకింది.

"మొత్తం తీసెయ్యి అత్తా!" అంది ముల్లమ్మ.

"అమ్మో! మొత్తం తీస్తే నన్నూ కుడతావు. పలచటి పొర ఉండనీ" అని నవ్వింది మైనత్త.

ముల్లమ్మకు గుప్పున దొంగల వాసన తెలిసింది. అలాగే మైనం గడ్డకట్టిన మిగతా కాపలా ఈగలూ వచ్చి తలలు వంచాయి. వాటికీ మైనత్త గీకింది. అందరూ కలిసి కుట్టి తరిమేసరికి సాయంత్రానికల్లా పొంగమ్మ, ఆమె సంతానం పట్టు విడిచి పారిపోయారు. పసివాళ్ళు కడుపునిండా తిన్నారు.

ముల్లమ్మ మైనత్త కాళ్ళ మీద వాలింది. "నీ రుణం తీర్చుకోలేను అత్తా. నన్ను మళ్ళీ నన్నుగా చేశావు."

"లేవే పిచ్చిదానా" అంది మైనత్త కళ్ళొత్తుకుంటూ. "నువ్వు అడక్కపోతే నా తప్పు నాకు తెలిసేదే కాదు. దండం పెట్టాల్సింది నేను."

నీతి: ఓడిపోయామని వెళ్ళిపోయే ముందు ఒక్కసారి సాయం అడగాలి, సాయం చేసినవారిని మరవకూడదు.