బొట్లపెట్ట మాటలు మానేసిన వైనం

ఒకప్పుడు కోడి మాట్లాడేది. కూయడం కాదు, మాట్లాడడమే. మీరూ నేనూ మాట్లాడుకున్నట్టే, తీరుబడిగా, ఊళ్ళో కబుర్లన్నీ కలిపి.

ఆ రోజుల్లో మనిషికీ కోడికీ ఒక ఒప్పందం ఉండేది. గుడ్డు మనిషిది, పిల్ల కోడిది. ఇంటావిడ కొన్ని గుడ్లు వంటకు తీసుకుని, మిగతావి గంపలో గడ్డి పరిచి పొదగేసేది. పొదిగిన పిల్లల జోలికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. కోడిమాంసం రుచి ఎలా ఉంటుందో ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. అలా చాలాకాలం బాగానే నడిచింది. బాగా నడిచేదాన్ని చూస్తే మనిషి చేయి ఊరుకోదు కదా, ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

సన్యాసమ్మ అనే ఆవిడ పెరట్లో బొట్లపెట్ట ఉండేది. ఒళ్ళంతా తెల్లటి బొట్లు, అందుకని ఆ పేరు. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు.

"వదినా, నీళ్ళ గాబు పక్కన గుడ్డెట్టాను. ఎండెక్కక ముందే తీసుకో" అనేది బొట్లపెట్ట.

"నీ కడుపు సల్లగుండ" అని సన్యాసమ్మ చేటెడు నూకలు తెచ్చి చల్లేది.

ఒకసారి సన్యాసమ్మ మనవడు కట్టెలపొయ్యి దగ్గర ఆడుకుంటుంటే బొట్లపెట్ట పరుగెత్తుకొచ్చి, "వదినా, కట్టెల్లో పాముంది, పిల్లణ్ణి తియ్యి" అని చెప్పింది. ఆ పిల్లవాడు బతికాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే సన్యాసమ్మ గుర్తుపెట్టుకోలేదు.

బొట్లపెట్ట పిల్లల్లో పెద్దవాడి పేరు తురాయి. అప్పుడే ఈకలు మెరుస్తున్న పుంజు. తల మీద ఎర్రటి జుట్టు ఊపుకుంటూ పెరడంతా తనదే అన్నట్టు తిరిగేవాడు. వాడి తరవాత పుట్టినవన్నీ ఇంకా పసివి, తల్లి రెక్కల కింద దూరేవి.

ఒకనాడు సన్యాసమ్మ ఇంటికి వియ్యంకుడు వచ్చాడు, కోడలి తండ్రి. పప్పూ పులుసూ వేసి భోజనం పెట్టారు. ఆయన విస్తరిని అటూ ఇటూ చూసి, సన్యాసమ్మ భర్త సింహాద్రితో నవ్వుతూనే అన్నాడు.

"మా వైపు సుట్టం వత్తే కోడి కోస్తారు బావా. మీ వైపు అలవాటు నేదు కామోసు."

లేదు బావా అంటే పోయేదేముంది? కానీ పరువు అని ఒకటుంది చూశారూ. అది కంటికి కనబడదు, కంచంలోకి రాదు, అయినా దానికోసం మనుషులు ఎంతకైనా దిగుతారు. సింహాద్రి ముఖం మాడిపోయింది. వంటింట్లోకి వెళ్ళి పెళ్ళాంతో గుసగుసగా చెప్పాడు.

"రేపు మజ్జేనానికి కోడికూర కావాల. ఆ తురాయిగాడయితే సరిపోతాడు."

"ఆడు మన వదిన కొడుకు" అంది సన్యాసమ్మ.

"వియ్యంకుడు పరాయోడా మరి?" అన్నాడు సింహాద్రి. సన్యాసమ్మ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది.

కిటికీ కింద గింజలు ఏరుకుంటున్న తురాయి ఈ మాటలు విన్నాడు. విన్నవాడు విన్నట్టే పోయి దడి దగ్గరున్న ముళ్ళకంపలో దూరాడు. తెల్లారి సింహాద్రి కర్ర పెట్టి ఎంత పొడిచినా రాలేదు.

"మాయమ్మ సెప్తేనే వత్తాను" అన్నాడు లోపలినుంచి.

బొట్లపెట్ట అప్పుడు పసివాటిని వెంటేసుకుని పెంటకుప్ప మీద గెలుకుతోంది. దానికి ఏమీ తెలియదు. సన్యాసమ్మ దాని దగ్గరికి వెళ్ళింది.

"వదినా, మీవోడు ముళ్ళకంపలో దూరీసినాడు. కంట్లో ముల్లు దిగిపోద్ది. నువ్వో మాట సెప్పు."

"ఎందుకు దూరాడు?"

"సుట్టాన్ని సూసి జడిసిపోనాడు."

బొట్లపెట్ట తల పక్కకు తిప్పి ఒక కంటితో ఆవిడని చూసింది. "ఆణ్ణి ఏటీ సెయ్యరు గదా, వదినా?"

"నా సేతి నూకలు తిని పెరిగినోడు. ఆణ్ణి నేనేటి సేత్తాను?" అంది సన్యాసమ్మ.

చూశారా తెలివి. అబద్ధమాడకుండానే అబద్ధం చెప్పేసింది. అడిగినదానికి బదులు చెప్పకుండా ఎదురు అడిగింది. పాపం బొట్లపెట్టకి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి? వదిన కదా అనుకుంది. ముళ్ళకంప దగ్గరికి వచ్చి పిలిచింది.

"నాయినా, బయం నేదు. బయటికి రా."

"నిజమేనా అమ్మా?"

"నేను సెప్తున్నాను గదా."

తురాయి బయటికి వచ్చాడు. ముళ్ళు గీరుకుని జుట్టునుంచి రక్తం కారుతున్నా తల్లి వైపే నడిచాడు. సన్యాసమ్మ వెనకనుంచి వాడి మీద గంప బోర్లించింది.

గంప కిందనుంచి వాడు ఎవరినీ తిట్టలేదు. "అమ్మా, నువ్వు సెప్పావు" అని మాత్రం అన్నాడు. తరవాత ఏం జరిగిందో నేను చెప్పను. మధ్యాహ్నం వియ్యంకుడు వేళ్ళు నాకి, ఉప్పు కాస్త తగ్గిందన్నాడు.

బొట్లపెట్ట ఏడవలేదు. గూట్లోకి వెళ్ళి మిగిలిన పిల్లల్ని రెక్కల కింద దాచుకోబోయింది. అవి రాలేదు. దూరంగా ఒక మూల ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి.

మర్నాడు పెరట్లో గింజలు ఏరుకుంటుండగా ఆకాశంలో గద్ద తిరిగింది. బొట్లపెట్ట చూసింది.

"గద్దొచ్చింది, దాక్కోండి" అంది.

పిల్లలు కదల్లేదు. మెడలెత్తి తల్లి ముఖంలోకి చూశాయి.

"నిజమేనా అమ్మా?" అని అడిగింది అందరికన్నా చిన్నది.

అది అడిగినంతసేపు చాలు గద్దకి. చిన్నదాన్ని ఎత్తుకుపోయింది.

అప్పుడు ఏడ్చింది బొట్లపెట్ట. నిన్నటి ఏడుపూ ఇవాళ్టి ఏడుపూ కలిపి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి రోటి దగ్గరికి వెళ్ళి, ముక్కుని ఇటూ అటూ ఆ రాతికేసి రుద్దింది. నోట్లో ఉన్న మాటలన్నీ ఊడి మట్టిలో పడేదాకా రుద్దింది. చివరగా మిగిలిన కాసిని మాటలతో పిల్లలకి చెప్పింది.

"మాటతో నిజమూ సెప్పొచ్చు, అబద్దమూ సెప్పొచ్చు. నాకొద్దు. నా కంటికి కనబడిందానికి నా గొంతు దానంతటదే ఏసిన కేకే ఇక నా మాట. అది అబద్దమాడనేదు. అది ఇని పరిగెత్తండి, నన్నేటీ అడగొద్దు."

ఆ మాటలు కూడా రుద్దేసింది. ఆ తరవాత దానికి కూతలే మిగిలాయి.

ఆకాశంలో గద్ద కనబడితే సన్నగా, పొడుగ్గా కిర్రుమంది. పిల్లలు అడగకుండానే చెట్టుకింద దూరాయి. నేల మీద పిల్లి కనబడితే టక్ టక్ టకా అని పెరడు దద్దరిల్లేలా అరిచింది. పిల్లలు గోడెక్కాయి. చీకటిపడితే కడుపులోంచి గుర్రుగుర్రుమంది. పిల్లలు మళ్ళీ రెక్కల కింద దూరాయి. గింజ కనబడితే కుక్ కుక్ కుక్ అంది. గుడ్డు పెట్టగానే వీధి చివరిదాకా వినబడేలా కొక్కొక్కొక్కొక్కో అని చాటింది. గుడ్డు మీది, తీసుకోండి, పిల్లల్ని మాత్రం వదలండి అని. ఒప్పందం తప్పింది తను కాదు కదా.

ఇక ఒక్క కేక మిగిలింది. మనిషికి. పిల్లలు తల్లి ముక్కువైపే చూస్తూ కూర్చున్నాయి. గద్దకన్నా పిల్లికన్నా ముందు నేర్చుకోవలసిన కేక అదే.

అంతలో తలుపు తెరుచుకుని సన్యాసమ్మ వచ్చింది. చేతిలో చేట. ముఖం చూపించలేక తల వంచుకుని, "వదినా" అని పిలిచింది. సన్యాసమ్మ ఎప్పటికన్నా ఎక్కువ నూకలు చల్లింది.

బొట్లపెట్ట ఆ చేతినే చూసింది. ఈకలు నిక్కబొడుచుకుని, గొంతు పెద్దది చేసుకుని, భయంకరమైన కేక ఒకటి వెయ్యాలని నోరు తెరిచింది. కానీ దాని గొంతు ఇక అబద్ధమాడలేదు. కంటికి కనబడేది నూకలు. పిల్లలు నిన్నటినుంచి కడుపునిండా తినలేదు.

కుక్ కుక్ కుక్ అంది గొంతు. పిల్లలు ఆ చేతి కిందికే పరుగెత్తాయి.

అప్పటినుంచే కోడికి గద్దకో కేక ఉంది, పిల్లికో కేక ఉంది, పామును చూసినా ఊరంతా లేపుతుంది. నూకలు చల్లే చేతికి మాత్రం ఇవాళ్టికీ దాని దగ్గర కేక లేదు. ఆ చేయి వచ్చి మెడ పట్టుకున్నాకే అరుస్తుంది.