తోడు లేని అంకె

ఇది చిన్న కథ. వక్క నమిలేలోపు అయిపోతుంది. అయితే ముందు పేర్రాజు మాస్టారి చెప్పుల సంగతి చెప్పాలి. ఆయన కాలువల మీద ఇంజనీరుగా చేసి దిగిపోయి, కుర్రాళ్లకు నీటి లెక్కలు నేర్పుతూ కూర్చున్నారు. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు; అడిగినవాడు వెంట నడవాలి. ఒకాయన టైమెంతయిందని అడిగి రెండూళ్లు తిరిగొచ్చాడంటారు. అది అబద్ధం. ఒక్క ఊరే.

ఆయన శిష్యుడు భానోజీది ఎగువనున్న మెరకపాలెం. కాలువకు కంప్యూటర్లో కవలను కట్టడం అతని పని. కాలువలో నీరు పెరిగితే తెర మీదా పెరుగుతుంది, తగ్గితే అక్కడా తగ్గుతుంది. చదువుకున్నవాళ్లు డిజిటల్ ట్విన్ అంటారు. మాస్టారి భార్య సూరమ్మగారు మాత్రం, "ఉన్న కాలువలో గుర్రపుడెక్క తీసే దిక్కు లేదు, మళ్లీ ఇంకోటా?" అంటారు.

మెరకపాలేనికి అతను కట్టిన కవల, దిగువనున్న పల్లపాలేనికి అంతకుముందే ఎవరో కట్టిన కవల. విడివిడిగా రెండూ బంగారం. ఎగువ నుంచి వచ్చే అంకెను బట్టి దిగువ కాలువ తలుపు దానంతటదే లేచేలా భానోజీ రెండింటినీ కలిపాడు. ఎగువ నుంచి నాలుగు అని వచ్చింది. దిగువ తలుపు పూర్తిగా లేచింది. నిండు కాలువ వచ్చి నారుమళ్ల మీద పడింది. తలుపు కాపలా చూసే లస్కరు లోవరాజు పరుగున వచ్చి దించేశాడు గనక ఒక్క మడే మునిగింది. అది పల్లపాలెం నీటి సంఘం పెద్ద వీరరాఘవులుది. ఆయన భానోజీకి కాబోయే మామగారు. కుర్రాడి గురి అలాంటిది.

"ఇదిగో అబ్బాయ్, వచ్చే వారం నీళ్లు వదులుతారు. మళ్లీ నారు మునిగిందా, ఊరికి పంట లేదు, నీకు పిల్ల లేదు" అన్నాడాయన. ఊరి పంటను ముందు చెప్పినందుకు అందరూ మెచ్చుకున్నారు.

భానోజీ గురువు దగ్గరికి పరిగెత్తాడు. "గురువుగారూ, రెండు కవలలూ నిజమే చెబుతున్నాయి. కలిస్తే అబద్ధమెలా అయింది? రెండింటిలో దేన్ని దిద్దమంటారు?"

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. మోకాళ్ల నొప్పుల వల్ల ఈసారి పెరటి దాకానే నడిచారు. రెండూళ్ల లస్కర్లనూ పిలిపించి, కుడితి గోలెం చూపించి, "ఇందులో నీళ్లెన్నిరా?" అన్నారు.

మెరకపాలెం లస్కరు ఇస్సాకు కర్రను అడుగుదాకా దించి, తీసి, తడిసినంత మేరా కొలిచాడు. లోవరాజు గోలెం అంచు నుంచి నీటిదాకా ఉన్న ఖాళీని కొలిచాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా! లేని నీళ్లు కొలుస్తావేంట్రా?" అన్నాడు ఇస్సాకు.

"అడుగున బురద కొలిచేవాడివి, నువ్వే చెప్పాలి" అన్నాడు లోవరాజు.

ఏళ్ల తరబడి ఇద్దరూ రోజూ ఫోన్లో అంకెలు చెప్పుకున్నవాళ్లే. ఒకరెదుట ఒకరు కొలవడం ఇదే మొదలు. కాలువ లోతు అయిదడుగులు. ఎగువ కవల నాలుగడుగుల నీరుందని చెప్పింది. దిగువ కవల నాలుగడుగుల ఖాళీ ఉందని విని, కాలువ ఎండిందనుకుని తలుపెత్తింది. లోవరాజైతే అంకె విన్నాక కూడా గట్టెక్కి కళ్లతో చూసుకునేవాడు. కంప్యూటరుకు గట్టెక్కే అలవాటు లేదు.

భానోజీ మెరకన పుట్టినవాడు. కాలువను పైనుంచి కొలిచేవాళ్లు లోకంలో ఉంటారని అతనికి తోచనేలేదు. "పైనుంచే ఎందుకండీ?" అని లోవరాజును అడిగాడు.

"ఆయ్, మాది పల్లం కదండీ. గట్టు తెగుద్దేమోనని బెంగ. ఇంకెంత పడుద్దో తెలియాలి."

"మాకు చాలవేమోనని బెంగ" అన్నాడు ఇస్సాకు. "ఎన్నున్నాయో తెలిస్తేగాని నిద్ర పట్టదు బాబూ."

"వీళ్లు నీళ్లు కొలవడం లేదురా. భయం కొలుస్తున్నారు" అన్నారు మాస్టారు.

"అయితే ఎవరి భయం మాన్పించమంటారు?"

వంటింట్లోంచి సూరమ్మగారు అందుకున్నారు. "పెళ్లికూతుర్నే తోడపెళ్లికూతురు లేకుండా అత్తారింటికి పంపం. అంకెను ఒంటరిగా పంపుతారా?" ఆ మాట తానే అనబోయినట్టు మాస్టారు తలూపారు.

భానోజీ ఎవరి కర్రనూ మార్చలేదు. రెండూళ్లనూ కూర్చోబెట్టి ఒక్క కట్టుబాటు చేయించాడు. ఏ అంకె పొలిమేర దాటినా, ఎక్కడినుంచి కొలిచారో, ఎందుకు కొలిచారో దాని వెంట వెళ్లాలి. నీళ్లు వదిలారు. ఒక్క మడీ మునగలేదు. పెళ్లికి ముహూర్తం పెట్టారు.

ముహూర్తం వచ్చేలోగా రెండో పంట, దాళ్వా వచ్చింది. పల్లపాలెం కాలువ అడుగంటింది. తెర మీద చూస్తే మెరకపాలెం కాలువ నిండుగా ఉంది. ఇన్నేళ్లూ ఎగువ నుంచి నాలుగు అని వినబడితే, పాపం వాళ్లకీ ఎండిందనుకున్నారు వీళ్లు. దిగువ నుంచి నాలుగు అని వినబడితే, పల్లానికి నీళ్లకేం లోటనుకున్నారు వాళ్లు. ఆ పొరపాటు ధర్మమా అని రెండూళ్లూ సఖ్యంగా ఉన్నాయి. ఇక లేవు. పెళ్లికి పెళ్లికొడుకు ఊరి నుంచి పెళ్లికొడుకు, అతని అమ్మానాన్నలు మాత్రమే వచ్చారు.

"రెండూళ్లూ కొట్టుకుంటున్నాయి గురువుగారూ, అంతా నా వల్లే" అన్నాడు భానోజీ, పీటల మీద నుంచే.

మాస్టారు అక్షింతలు వేసి చెప్పుల కోసం చూశారు. పందిట్లో వాటిని ఎవరో వేసుకుపోయారు. అందువల్ల జవాబే చెప్పవలసి వచ్చింది.

"కొట్టుకోనీరా. ఇన్నాళ్లకు ఇద్దరూ ఒకే కాలువ గురించి మాట్లాడుకుంటున్నారు."