రాళ్లు రాని వానాకాలం

గుండ్లవాగు మీద తాపీమేస్త్రి పోలయ్య ఆరు వంతెనలు కట్టాడు. ఆరూ ఒకే చోట! ఏటా వరదకు వంతెన కొట్టుకుపోయేది, ఆ రాళ్లు ఏరుకుని దిగువ ఊరివాళ్లు గొడ్లసావిళ్లు కట్టుకునేవారు. "ఒకే వంతెనను ఆరుసార్లు కట్టిన మొనగాడు నేను కాక ఎవడున్నాడు?" అని పోలయ్య తన మీద తనే నవ్వుకునేవాడు.

ఏడోసారి మంత్రి గంగాధరామాత్యుడు స్వయంగా దిగాడు. "పది రోజుల్లో ముగించు. పైన నా పేరు చెక్కిన రాయి పెట్టాలి."

"అయ్యా, సున్నాన్ని కరక్కాయ నీళ్లు పోసి నలభై రోజులు గానుగలో రుబ్బితేనే రాయి పట్టుకుంటుంది."

"ఎప్పుడూ పది రోజులేగా?"

"అందుకేగా ఎప్పుడూ కడుతున్నాను! సరే, తమ చిత్తం. ముందు ఆ పేరు రాయిని పది రోజుల సున్నంతోనే తమరి వీధిగుమ్మం పైన అతికిస్తాను. వంతెన పూర్తయ్యేదాకా తమరు దాని కిందనుంచే వస్తూ పోతూ ఉండండి."

మంత్రి తల తడుముకున్నాడు.

"నలభై రోజులు సరిపోతాయంటావా?" అన్నాడు మెల్లగా.

ఆ ఏడు వానలు వెలిశాక దిగువ ఊరివాళ్లు పోలయ్యను వెతుక్కుంటూ వచ్చారు.

"ఏం మేస్త్రీ, ఈసారి రాళ్లు రాలేదు. ఒంట్లో బాగాలేదా?"