విప్పుకోని కోలాటం జడ

అనగనగా కాలవగట్టున పేరంటాలపాలెం అని ఒక ఊళ్ళో, తాయారు అని ఒకావిడ ఉండేదిరా చిన్నీ. ఆవిడకి ఏడుగురు స్నేహితురాళ్ళు. ఎనిమిదిమందీ కలిసి జడకోలాటం ఆడేవాళ్ళు.

జడకోలాటం అంటే తెలుసుగా? పైన దూలానికి ఎనిమిది రంగుల తాళ్ళు కడతారు. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కర్ర. పాడుకుంటూ, ఒకళ్ళ పక్కనుంచి ఒకళ్ళు దూరుకుంటూ తిరుగుతుంటే పైన తాళ్ళు జడలా అల్లుకుపోతాయి. ఆ తర్వాత మళ్ళీ వెనక్కి అడుగులేస్తూ ఆ జడ విప్పెయ్యాలి. విప్పితేనే ఆట అయినట్టు.

వాళ్ళకి ఆ ఆట నేర్పింది కాసులమ్మ. తన పాత చీరలు చింపి, రంగుకో తాడు చొప్పున తనే పేనింది. పాపం ఆవిడ పోయి ఏడాదయింది. ఆ ఏడాదీ ఎవరూ కర్ర పట్టలేదు. ఇంతలో అమ్మవారి జాతరొచ్చింది. ఊరేగింపు ముందు ఆడతామని వీళ్ళు మాటిచ్చేశారు.

అప్పుడు తాయారు వాకిట్లో సాధన మొదలెట్టారు. అల్లడం బ్రహ్మాండంగా అల్లేశారు. తీరా విప్పబోతే ఒక్కళ్ళకీ గుర్తు లేదు! ఇటు తిరిగితే బిగుసుకుంది. అటు తిరిగితే ముడిపడింది. మూడు రోజులపాటు జడ అలాగే దూలానికి వేలాడింది. తెల్లారితే జాతర.

"కోసి పారెయ్యవే తాయారూ. కొత్త తాళ్ళు కొనుక్కుందాం" అంది పక్కింటి నూకాలమ్మ.

"కాసులమ్మ చీరలు కొయ్యడానికి నాకు చేతులు రావు వదినా. అయినా కొత్తవి కడితే మాత్రం, విప్పడం ఎవరికొచ్చు?" అంది తాయారు. అనేసి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు చటుక్కున గుర్తొచ్చింది. కాసులమ్మ ఉండగా ఆట మొత్తం వీడియో తీయించి, డీవీడీ చేయించారు. ఒక్కటే ఒక్క డీవీడీ. అది తాయారు బీరువాలోనే ఉంది!

గబగబా తీసింది. మిగతా ఏడుగురూ టీవీ ముందు చేరారు. ప్లేయర్లో పెట్టింది. నొక్కింది. బొమ్మ లేదు సరిగదా, టీవీ 'గుర్‌ర్‌ర్' మని గురక పెట్టింది. నూకాలమ్మ ప్లేయరు నెత్తిన ఫెడీమని ఒకటిచ్చింది. "మా రేడియో ఇలాగే దారికొచ్చేది" అంది. ఇది రాలేదు.

ఆ తర్వాత రేడియోలూ టీవీలూ బాగుచేసే మస్తానయ్యకి కబురెళ్ళింది. ఆయన మధ్యాన్నం అన్నం తిని, సంచీ భుజాన వేసుకుని, నవ్వుకుంటూ వచ్చేసరికి నూకాలమ్మ ప్లేయరు మీదికి మళ్ళీ చెయ్యెత్తుతోంది.

"వదినగారూ, కొట్టకండి. మనిషైతే పారిపోయేది, ఇది పాపం ఎక్కడికీ పోలేదు" అన్నాడు నూకాలమ్మతో. అని ప్లేయరు వెనక్కి తొంగి చూశాడు. వెనకాల మూడు తీగలు. ఒకటి పసుపుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. పసుపుపచ్చ తీగ వెళ్ళి ఎర్ర కన్నంలో కూర్చుంది, ఎర్రది పసుపుపచ్చ కన్నంలో కూర్చుంది.

"దులుపుతుంటే ఊడొచ్చాయి అన్నయ్యా. ఏ కన్నం ఖాళీగా ఉంటే దాన్లో పెట్టేశాను" అంది తాయారు.

"ఎరుపూ తెలుపూ మాట మోసుకొస్తాయి చెల్లెమ్మా, పసుపుపచ్చది బొమ్మ మోసుకొస్తుంది. నువ్వు బొమ్మ తీసుకెళ్ళి టీవీ చెవిలో పోశావు. మరి గుర్‌ర్‌ మనదూ?" అన్నాడు. ఏ రంగు తీగ ఆ రంగు కన్నంలో పెట్టాడు. గురక ఆగిపోయింది. టీవీ మీద నీలంగా వెలుగొచ్చింది.

హమ్మయ్య అనుకున్నావా? ఆగు, అప్పుడే ఎక్కడ! రిమోటు నొక్కితే పలకలేదు. తాయారు సెల్లులు తీసి అరచేతుల్లో వేసి రుద్దింది. "పొద్దున్న ఎండలో కూడా పెట్టానన్నయ్యా" అంది.

"అవేమైనా వడియాలా తల్లీ ఎండబెట్టడానికి?" అని మస్తానయ్య కొత్త సెల్లులు వేశాడు. ఊహూఁ. అప్పుడు ప్లేయరు వంక పరీక్షగా చూశాడు. దాని మీద తాయారు మందంగా అల్లిన లేసు గుడ్డ కప్పి ఉంది. ముందువైపు జానెడు కుచ్చులు దిగున్నాయి. ముచ్చటగానే ఉందనుకో. ఆయన ఆ గుడ్డ పైకి ఎత్తాడు.

"ఇదిగో, ఈ చిన్న నల్ల అద్దమే దీని కన్ను. రిమోటు చెప్పేది దీంతోనే చూడాలి. నువ్వేమో మేలిముసుగు వేశావు. ఊపిరాడక ఒళ్ళు కూడా కాలిపోతోంది దీనికి!" అన్నాడు. గుడ్డ తీసేసి నొక్కితే, టక్కున పలికింది.

పలికి ఏమందీ? 'నో డిస్క్' అంది! అంటే లోపల డీవీడీ లేదని.

"లేకపోవడం ఏవిటీ, నా చేత్తో నేను పెడితేనూ!" అని తాయారు గుండె బాదుకుంది. మస్తానయ్య సొరుగు తెరిచి, డీవీడీని అంచులు పట్టుకుని తిప్పి చూశాడు. మెరిసే వైపు నడిమధ్యన ఇంత లావున గంధం, దాని మీద ఇంత కుంకం!

"పోయిన దసరాకి పూజలో పెట్టానన్నయ్యా. కర్రలకి పెట్టాను, గజ్జెలకి పెట్టాను, దీనికీ పెట్టాను. మెరుస్తుంటే అదే మొహం అనుకున్నాను" అంది తాయారు చిన్న గొంతుతో.

"దానికేం, చింతపండు పెట్టి తోమితే తళతళ్ళాడుతుంది. ఇత్తడి పళ్ళేలు తోమట్లా?" అని నూకాలమ్మ చెయ్యి చాచింది.

"అమ్మో అమ్మో! గీత పడిందంటే మీ కాసులమ్మ మళ్ళీ కనబడదు!" అని మస్తానయ్య డీవీడీని ఎత్తి పట్టుకుని రెండడుగులు వెనక్కేశాడు. నవ్వే మనిషి మొహం తెల్లబోయింది. అది చూసి నూకాలమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడాయన మెత్తటి పాత నూలుగుడ్డ అడిగాడు. మంచినీళ్ళతో కొంచెం తడిపాడు. గుండ్రంగా రుద్దలేదు. మధ్య కన్నం నుంచి అంచుదాకా తిన్నగా తుడిచాడు. ఒకసారి తుడిస్తే కుంకం పోయింది. రెండోసారికి గంధం పోయింది. మూడోసారికి అద్దంలా అయింది. ఆ తర్వాత ప్లేయరు ప్లగ్గు పీకి, మూత విప్పి, లోపలి చిట్టి కన్ను మీద రాలిన కుంకం దూదితో సుతారంగా అద్దాడు. మళ్ళీ బిగించి, డీవీడీ పెట్టి నొక్కాడు.

కాసులమ్మ వచ్చిందిరా! కర్ర పట్టుకుని, కొంగు దోపుకుని, పచ్చగా నవ్వుతూ. అల్లడం చూపించింది. ఇక విప్పబోతోంది అనగా, బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి ఆగిపోయింది. మస్తానయ్య డీవీడీ తీసి వెలుతురుకి పెట్టి చూస్తే, అంచున ఆవగింజంత గంధం. దాన్నీ తుడిచాడు.

అప్పుడు కాసులమ్మ కదిలింది. గొంతు ఖంగున మోగింది. "ఒసేయ్, తోసుకోకండి! ఆఖరుకి ఎవరు దూరారో వాళ్ళు ముందు వెనక్కి రండి. వాళ్ళకి దారివ్వండి. తర్వాత, దానికంటే ముందు దూరింది రావాలి."

అంతే! ఎనిమిదిమందీ వాకిట్లోకి పరుగెత్తారు. ఆఖరున దూరింది తాయారే. ఊపిరి బిగబట్టి ఒక్కడుగు వెనక్కేసింది. ఎర్ర తాడు వదులైంది. ఆ తర్వాత పచ్చది. ఆ తర్వాత నీలంది. అలా పొద్దు వాలేసరికి ఎనిమిది తాళ్ళూ విడివిడిగా గాలికి ఊగుతున్నాయి. ఒక్క పోగు తెగలేదు.

తాయారు అరుగు మీద చతికిలబడి ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. నవ్వుతూ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "అయ్యో, ఈ హడావిడిలో మూడు రోజులై తల దువ్వుకోలేదే!" అంది. నూకాలమ్మ దువ్వెన తెచ్చి వెనకాల కూర్చుంది. "కదలకు, ఇది మాత్రం నాకొచ్చు" అని చిక్కు తియ్యడం మొదలెట్టింది.

చిక్కు విడింది, దిగులు వదిలింది,
తాయారమ్మకి నవ్వు మిగిలింది.
కథ చెప్పగా కంచి దారి పట్టింది,
మా చిన్నికేమో కునుకు పట్టింది.