గుమ్మడి తీగకి తాయెత్తు

"తాతా, తీగకి ఒక తాయెత్తు కడతారా?"

దర్గా పెద్ద పీర్ సాబ్ తస్బీ పూసలు తిప్పడం ఆపి జిలానీ వైపు చూశారు. మనుషులకి కట్టారు, గేదెలకి కట్టారు. గుమ్మడి తీగకి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"ఏమైంది దానికి?"

"పిందెలు నిలవడం లేదు తాతా. నిమ్మకాయంత కూడా కాకముందే పసుపు తిరిగి రాలిపోతున్నాయి. నీళ్లు పెట్టాను, పేడ వేశాను, బూడిద చల్లాను. ఏదో దిష్టి తగిలింది."

ఆ గుట్ట మీది దర్గాలో ఉరుసు నాడు వచ్చినోళ్లందరికీ అన్నంలోకి దాల్చా అనే పప్పుకూర పెడతారు. అందులో పడే గుమ్మడికాయ దర్గా మట్టిలోనే కాయాలి, సంతలో కొనకూడదు. మొదటి నుంచీ అదే కట్టుబాటు. ఈ ఏడు తోట పని నాకివ్వండని జిలానీయే అడిగి మరీ తీసుకున్నాడు. ఇప్పుడు పిందె నిలిస్తేనే ఉరుసుకి కాయ అవుతుంది. కాయ లేకపోతే దాల్చా లేదు. అది తలుచుకుంటే వాడికి ముద్ద దిగడం లేదు.

"రేపు తెల్లారుజామున ఫజర్ నమాజు కాగానే తోటలో ఉండు," అన్నారు పీర్ సాబ్.

మర్నాడు ఆయన ఖాళీ చేతులతో వచ్చారు. వంగి ఒక మగపువ్వు తుంచారు. రేకులన్నీ తీసేశారు. పుప్పొడి అంటిన కాడ మిగిలింది. దాన్ని పిందె ఉన్న పువ్వు లోపల మెల్లగా రాశారు.

"మిగతావి నువ్వు కానీ," అని పోయి అరుగు మీద కూర్చున్నారు.

జిలానీ మొదలుపెట్టాడు. నడుము పట్టేసింది. సగం కూడా కాకముందే ఎండెక్కింది. మిగిలిన పూలు వాడు చూస్తుండగానే ముడుచుకుపోయాయి.

వంటామె కాశింబీ బిందెతో అటే పోతూ ఆగింది. "ఏంరా జిలానీ, రెక్కలు ఇంటి దగ్గర మర్చిపోయొచ్చావా? ఝుమ్మని సప్పుడన్నా చెయ్యి, కొంచెం నమ్ముతాం."

పీర్ సాబ్ గడ్డంలో నవ్వుకున్నారు. జిలానీకి ఏడుపొచ్చింది.

"రోజూ ఇది నా వల్ల కాదు తాతా. పోయిన ఏడు ఎవరు చేశారీ పని?"

ఆయన తలెత్తి దర్గా ముందు గుమ్మం వైపు చూశారు. జిలానీ కూడా చూశాడు.

కమాను కింద రాయి మసిబారి ఉంది. అక్కడ పెద్ద తేనెతుట్టె ఉండేది. ఈగలు ఒక ముసలమ్మని కుట్టాయని ఎండాకాలంలో జిలానీయే నిచ్చెనెక్కి పొగపెట్టి తరిమాడు. ఆ రోజు అందరూ శభాష్ అన్నారు.

వాడి చేతిలో పువ్వు జారి కిందపడింది.

వంగి దాన్ని తీసుకున్నాడు. "ఈగలు మళ్లీ వచ్చి, మళ్లీ ఎవరినన్నా కుడితే?"

"మనుషులు రావడానికి వెనక గేటుంది," అన్నారు పీర్ సాబ్.

ఆ సాయంత్రమే జిలానీ ముందు గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, వెనక గేటు తాళం తీశాడు. మూకుట్లో నీళ్లు పోసి, ఈగలు మునిగిపోకుండా గులకరాళ్లు వేసి, కమాను కింద పెట్టాడు. పొద్దున్నే పూల దగ్గర వంగడం మాత్రం మానలేదు. కొన్ని పిందెలు నిలిచాయి. దాల్చాకి అవి ఏ మూలకీ రావు.

ఒకరోజు అలాగే వంగి పువ్వు అందుకోబోయాడు. లోపల ఏదో కదిలింది. ఒళ్లంతా పుప్పొడి పూసుకున్న తేనెటీగ ఒకటి బయటికొచ్చి, వాడి వేళ్ల మీదుగా పాకి, ఎగిరి పక్క పువ్వులో దూరింది. దాని వెనకే ఇంకోటి.

జిలానీ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

"తాతా," అన్నాడు నెమ్మదిగా. "వచ్చాయి."

పీర్ సాబ్ అరుగు మీంచి లేవలేదు.

"పని తెలిసినోళ్లు వచ్చారు కదా. ఇంక నువ్వు పోయి టీ తాగు."