బయటికి తెరుచుకునే తలుపులు

తాయారమ్మగారి దగ్గర పాత కావ్యాలు చదువుకునే హిమజ, ఒక ఆదివారం పాఠం అయ్యాక లేచి వెళ్లకుండా అడిగింది.

"అమ్మా, రెండు చోట్ల ఉద్యోగం వచ్చింది. దుబాయి, మస్కటు. రెండూ ఎడారే. రేపు మాట చెప్పాలి. ఏది ఒప్పుకోను?"

రైళ్లు, ఎండలు, అద్దె ఇళ్లు, ఈతకొలనులు అన్నీ బేరీజు వేసి వినిపించింది. చివరికి అసలు సంగతి బయటపెట్టింది. "ఇక్కడ పాలవాడి దగ్గర్నుంచి, లిఫ్టులో ఎక్కిన ముక్కూమొహం తెలియని మనిషి దాకా, పెళ్లెప్పుడని అడిగేవాళ్లే. నన్నెవ్వరూ ఏమీ అడగని ఊరు కావాలమ్మా."

తాయారమ్మగారికి సలహా ఇచ్చే అలవాటు లేదు. ఊరికే దొరికే సలహా మనిషిని సోమరిని చేస్తుందని ఆవిడ నమ్మకం. అందుకని ఇలా చెప్పుకొచ్చారు.

ఒక ఎడారిలో రెండు ఊళ్లు. గుట్ట మీద ఒకటి, గుట్ట కింద ఒకటి. కళ్లకు మందు వేసే పడుచు వైద్యురాలు రేవ, పెళ్లి కానిది, కింది ఊళ్లో ఇల్లు తీసుకుంది. ఇసుక గాలికి కళ్లు చెడే చోట ఆమెకు పనికి కరువా? కరువల్లా నెమ్మదికే. నీళ్లకు వెళ్తే ప్రశ్న, గుమ్మంలోకి వస్తే ప్రశ్న. ఎవరి పిల్లవి, ఎందుకు చేసుకోలేదు, ఒక్కదానికి అంత పొయ్యి దేనికి.

ఆ ఊళ్లో గదులు ఇరుకు. అందుకని తలుపులు బయటికి తెరుచుకునేలా పెట్టుకున్నారు. తుపాను వచ్చిందంటే గుమ్మానికి అడ్డంగా ఇసుక మేట వేస్తుంది; లోపలి నుంచి ఎంత తోసినా తలుపు కదలదు. మొదటి తుపాను వెలిసిన పొద్దున రేవ మిద్దె మీది నుంచి నిచ్చెన వేసుకొని దిగి, తన గుమ్మం ముందు ఇసుక తనే ఎత్తిపోసుకుంది. పక్కమిద్దె మీద, దిగే ఓపిక లేక నిలబడ్డ ముసలి గంగుబాయి కేకలేసింది.

"సిగ్గు లేదుటే! ఎవరి గుమ్మం వాళ్లే తీసుకుంటారా ఎక్కడైనా?"

"నా గుమ్మం నేను తీసుకుంటే నీకేం నొప్పి అవ్వా?"

"నాది నువ్వు తియ్యాలి, నీది అవతలింటివాడు తియ్యాలి. తీసి, లోపల మనిషి లేచిందో లేదో చూడాలి. నీది నువ్వే తీసుకుంటూ పోతే, లేవలేని రోజున మాకెట్టా తెలుస్తుందే?"

రేవకు ఇదీ ఒక ఆరాలాగే తోచింది. పెట్టె సర్దుకొని గుట్టెక్కింది.

పై ఊరు కలిగినవాళ్ల ఊరు. విశాలమైన గదులు, లోపలికి తెరుచుకునే తలుపులు. ఎవరి ఇసుక వాళ్లే ఊడ్చుకుంటారు. ఒక్కరు ఒక్క మాట అడగలేదు. ఆమె హాయిగానే ఉంది, అందులో అబద్ధం లేదు. అప్పుడు జ్వరం తగిలింది. నీళ్లకుండ దాకా పాకే శక్తి కూడా లేకుండా పడిపోయింది. తలుపుకు గడియైనా వేసి లేదు, వేలితో తోస్తే వస్తుంది. కళ్లమందుకు వచ్చినవాళ్లు వాకిట్లో నిలబడి, అలికిడి వినపడక, ఒంటరి ఆడమనిషి ఇంట్లోకి తొంగిచూడడం మర్యాద కాదని వెళ్లిపోయారు. అంతటి మర్యాదస్తులు! ఆ మర్యాదకు ఆమె చచ్చిపోవలసిందే. వయసు కాపాడింది.

కాళ్లు నిలిచిన రోజున గుట్ట దిగింది. గంగుబాయి చూసి బోసినోరు తెరిచింది.

"ఏమే, పై ఊళ్లోనూ మొగుడు దొరకలేదా?"

రేవకు ఒళ్లు మండింది. మండినా పాత ఇంట్లోనే దిగింది. మళ్లీ తుపాను వెలిశాక పార పట్టుకొని ముసలిదాని గుమ్మం తీసింది. లోపలికి తల పెట్టి, ఆ ఊళ్లో మొదటిసారి తనే ఒకరి ఆరా తీసింది.

"రాత్రి ఏమన్నా తిన్నావా అవ్వా?"

తాయారమ్మగారు అక్కడితో ఆపేశారు. హిమజ పుస్తకం సంచిలో పెట్టుకుంటూ అడిగింది.

"నా గుమ్మం తీసే మనుషులు ఏ ఊళ్లో ఉన్నారో, ఇక్కడ కూర్చుంటే నాకెలా తెలుస్తుందమ్మా?"

"తెలియదు," అన్నారావిడ. "ఏ ఊరికి వెళ్లినా, ముందు ఒక పార కొనుక్కో."