మంచులో నిలబడ్డ నావ

కామేశం తీసిన పది ఫొటోల్లో తొమ్మిదింటి మీద బీబమ్మ సంతకం పడింది. పదోదాని దగ్గర కలం ఆగిపోయింది.

తొమ్మిదీ పోయినా అతనికి ఇంత దిగులుండేది కాదు. పదోదాని మీదే ప్రాణం పెట్టుకున్నాడు.

పాతరేవు గోదావరి పాయ ఒడ్డున ఉంది. ఒకప్పుడు అక్కడ సముద్రం మీదికి పోయే చెక్క ఓడలు కట్టేవారు. తర్వాత సముద్రమే ఊరితో మాట తప్పి వెనక్కి జరిగింది. దీపస్తంభం ఇప్పుడు వరిచేలో నిలబడి, ఎవరూ రాని దారి కాస్తూ ఉంటుంది. సుంకాలు వసూలు చేసిన మేడకి పైకప్పు పోయి, లోపల జిల్లేళ్ళు మొలిచాయి. రేవు మెట్లు పన్నెండు దిగితే ఒండ్రు. ఆ కింద ఇంకెన్నున్నాయో చెప్పేవాళ్ళు లేరు. వీటన్నిటి ఫొటోలతో జిల్లా కేంద్రంలో ప్రదర్శన పెడుతున్నారు. ఏవి వెళ్ళాలో తేల్చాల్సింది బీబమ్మ. ఆవిడ సంతకం లేనిదే ఏ ఫొటో వ్యాను ఎక్కదు. వ్యాను పదకొండింటికి వస్తుంది.

బీబమ్మ అసలు పేరు జులేఖాబీ. డెబ్భై దాటిన మనిషి. మొగుడు పోయాక వాళ్ళ ఫొటో స్టూడియో మూతపడుతుందని ఊళ్ళో చాలామంది చెప్పుకున్నారు. అలా చెప్పుకున్న వాళ్ళందరి పిల్లల పెళ్ళిళ్ళకీ ఆవిడే ఫొటోలు తీసింది.

కామేశం ఆవిడ దగ్గర ఆరేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. చెయ్యి మంచిదే, కన్ను మంచిదే. కానీ మెళ్ళో కెమెరా పడగానే కొందరు మగవాళ్ళకి, ఎదుటి మనిషి పుట్టిందే పక్కకి జరగడానికనిపిస్తుంది. ఆ జబ్బు ఇతనికీ కాస్త అంటింది.

పదో ఫొటోలో ఉన్నది పేరయ్య మేస్త్రి కడుతున్న నావ. పుష్యమాసం, అప్పుడే తెల్లవారింది. ఏరెక్కడో ఒడ్డెక్కడో తెలియనంత మంచు. ఆ తెలుపు మధ్యలో సగం కట్టిన నావ ఒక్కటే, పక్కటెముకలు బయటపెట్టుకుని, నేల తాకకుండా తేలుతున్నట్టుంది. కాసేపు చూస్తే, మనం దాన్ని కలగంటున్నామో అది మనల్ని కలగంటోందో తెలియదు.

"నావకి పెట్టిన ఊతకర్రలేవిరా?" అంది బీబమ్మ.

"కంప్యూటర్లో చెరిపేశానమ్మా. ఇటు నాలుగు, అటు నాలుగు, చూపుకి అడ్డం. కల మధ్యలో ఎవడో పందిరి వేసినట్టుంది."

"ఇంకేం చెరిపావు?"

"ఒక మనిషిని. నావ మీద చెయ్యేసి నిలబడ్డాడు. జరగవయ్యా, జరగవయ్యా అని నాలుగుసార్లు అరిచాను. తలైనా తిప్పలేదు. ఎంత పొగరో. సరేలే అని నేనే జరిపేశాను." తన మాటకి తనే నవ్వుకున్నాడు.

బీబమ్మ ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గోడకి తగిలించు. దూరం నుంచి చూస్తాను."

మంచం పలకంత ఫొటో. టేకు చట్రం, మీద అద్దం. కామేశం గోడకి మేకు కొట్టి, వెనక తీగ తగిలించి, వంకర సరిచేసి పక్కకి తప్పుకున్నాడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఆ మేకు చూపుకి అడ్డంగా ఉంది. తీసెయ్."

"తీస్తే పడిపోతుంది కదమ్మా."

"అయితే పట్టుకో."

ముసలితనం, చాదస్తం అనుకున్నాడు కామేశం. కానీ సంతకం కావాలి. మేకు పీకి, రెండు చేతులతో ఫొటోని గోడకి అదిమి పట్టాడు.

"ఇంకాస్త పైకి. ఆఁ, అక్కడ."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫ్లాస్కులోంచి టీ వంపుకుంది. పేపరు విప్పింది.

"ఎంతసేపమ్మా?"

"చూస్తున్నాగా" అంది పేపరు వెనక నుంచి.

కిటికీలోంచి ఏటి గాలి చల్లగా వస్తోంది. బరువుకి తల వాలి, అతని చెంప అద్దానికి తగిలింది. ఊపిరికి అద్దం మీద మంచు కమ్మింది. ఫొటోలో మంచేదో, తన ఊపిరి ఏదో విడదీయలేకపోయాడు. మోచేతుల్లో మొదలైన నొప్పి భుజాల్లోకి ఎక్కి, తర్వాత నొప్పిలా కాకుండా నీళ్ళలా పాకింది. కళ్ళు మూతపడ్డాయి. ఏటికి పోటు వస్తోంది. ఒడ్డున ఎక్కడో చెక్క మీద సుత్తి పడుతోంది, దూది చుట్టినట్టు మెత్తగా. నావ చెక్కల సందులకి పూసే గుగ్గిలం వాసన వేసింది. నావ నిద్రలో మెదిలే పశువులా ఇటు ఒరిగింది, కొంచెమే. దాని బరువంతా అతని రెండు అరచేతుల్లో ఉంది. పక్కన ఎవరో ఉండాలే అని చూశాడు. అక్కడ మంచు మిగతా చోట్లకన్నా తెల్లగా, నున్నగా ఉంది. ఆ నునుపు తను చేసిందే.

చెప్పుల చప్పుడుకి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

గుమ్మంలో పేరయ్య మేస్త్రి. మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు.

"పింఛను కాగితాలకి ఫొటో అడిగారండి బీబమ్మ గారూ. మనిషినే ఎదురుగా పెట్టుకుని ఫొటో తెమ్మంటారు, ఏం చోద్యమో" అంటూ లోపలికి రెండడుగులు వేసి, గోడ వైపు చూశాడు.

చూసి, ఆ రెండడుగులూ వెనక్కి వేశాడు. చెయ్యి దానంతటదే బీబమ్మ కుర్చీ పట్టుకుని వెనక్కి లాగబోయింది.

"కింద ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు మెల్లగా.

"ఫొటోయే కదా మేస్త్రీ" అన్నాడు కామేశం, మెడ తిప్పలేక.

"ఫొటోయేనండి. తెలుసు. కాళ్ళు ఆగలేదు." మేస్త్రి తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "మా చిన్నాన్న ఇట్టాంటి నావ కిందే పోయాడు. ఒక్క కర్ర జారింది, అంతే. ఇదేంటండీ, దీనికి ఒక్కటీ లేదు? ఊతలేవి?"

బీబమ్మ టీ గ్లాసు పట్టుకున్న చేత్తోనే, వేలు చాపి కామేశం చేతుల్ని చూపించింది.

"అవిగో" అంది.

మేస్త్రి దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు. వెళ్ళి కామేశం ఎడం పక్కన నిలబడి, చట్రం మీద అరచెయ్యి వేశాడు. ఎత్తలేదు, బరువు పంచుకోలేదు. వేసి ఉంచాడంతే.

"ఇదేంటి మేస్త్రీ?"

"అలవాటండి. నావకి చెక్క ఎక్కుతున్నకొద్దీ బరువు మారుద్ది. ఊత తీసి ఇంకోచోట పెట్టాలి. అది తీసినంతసేపూ ఒకడు ఇట్టా చెయ్యేసి ఉంటాడు. నావ ఒరిగేది కంటికి తెలీదు, చేతికే ముందు తెలుస్తుంది. వాడు మాట్లాడకూడదు, తల తిప్పకూడదు. కన్నతల్లి పిలిచినా సరే." కాస్త ఆగాడు. "మీరు కేకలేసిన రోజు కింద నలుగురం ఉన్నామండి. నేను పడుకుని ఉన్నాను."

కిటికీ అవతల ఏటి మీద పడవ ఇంజను ఒకటి మోగుతూ పోయింది.

"ఆయన పేరేంటి?" అన్నాడు కామేశం.

"నూకరాజండి. చెవులు బాగానే వినపడతాయి. మీరన్నవన్నీ సాయంత్రం వరసగా అప్పజెప్పాడు."

కామేశానికి చెవుల దాకా వేడెక్కింది. ఫొటో అతని చేతుల్లోంచి వేలెడంత జారింది. కళ్ళతో చూసేలోపే మేస్త్రి అరచెయ్యి బిగిసింది. కామేశం మళ్ళీ పైకి నెట్టి పట్టుకున్నాడు.

బయట వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు హారను కొట్టి, కాసేపాగి మళ్ళీ కొట్టాడు. బీబమ్మ పేపరు మడిచి, కలం మూత తీసి, కామేశం వైపు చూసింది.

"తొమ్మిదే పంపండమ్మా" అన్నాడు కామేశం గోడతో.

బీబమ్మ కలానికి మూత పెట్టింది.

"ఇప్పుడు దించు."